చేయి నందించువా రెవరు?

నౌపడ యనగానే మన జిల్లావారికి రెండు సంగతులు జ్ఞప్తికి వచ్చును. ఒకటి ఉప్పుమడులు, రెండవది రైలుకూడలి. ఈ రెండింటి నడుమ నొక పెంకుటింటి యరుగుమీద గడచిన వేసవిలో మే మొక యేడేండ్ల బాలుని జూచితిమి. సదరం ధ్రువపత్రమునకు సంబంధించిన యొక యర్జీ విషయమై వారి యింటికి పోయియుంటిమి. బాలుడు పుట్టుకతోడనే మస్తిష్క పక్షవాతము సోకినవాడు. కాళ్లు కత్తెరవలె పెనవేసికొనును, కుడిచేతి పిడికిలి విడివడదు, మాట తడబడును. కాని కన్నులలోని తెలివికి మాత్ర మేమియు కొదవ లేదు. మేము సంచిలోనుండి కాగితములు తీయుచుండగా నెన్ని తీసితిమో యెడమచేతి వ్రేళ్లపై లెక్కించి, లెక్క సరిపోయినదని నవ్వినాడు.

తండ్రి చెన్నపట్టణమున కట్టడపు పనిలో నున్నాడు. తల్లి తెల్లవారకమునుపే ఉప్పుమడికి పోవును. ఇంట మిగిలినది నాయనమ్మ. థెరపీ యెట్లు జరుగుచున్నదని మే మడిగినప్పు డామె చెప్పిన మాటను మార్పక వ్రాయుచున్నాము: "అక్కడ ఆలు సెయ్యిస్తే బాగానే సేత్తాడు బావూ. రోజూ ఇంటికాడ సేయించాలంతన్నారు. కోడలు మడికెల్లిపోద్ది. నానా ముసిల్దాన్ని. ఈ గుంటడికి రోజూ సేయించీవోలెవులు?"

ఇరువది యేండ్లుగా కోర్టులలో ప్రశ్నలు వేయుటయే వృత్తిగా బ్రదుకుచున్న మాకు ఆ ప్రశ్నకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి చట్టపుస్తకములు తిరుగవేసితిమి. జవాబు చట్టములో నున్నది, ఊరిలో లేదు. ఆ సంగతిని చదువరుల యెదుట నుంచుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మొదట థెరపీ యననేమో చెప్పవలసియున్నది. ఏలయన, మనలో చదువుకొన్నవారు సైత మిది యొకవిధమైన మందనియో, విద్యుద్యంత్రమనియో, పట్టణములలోని యద్దాలగదులలో జరుగు రహస్యక్రియ యనియో భావించుచున్నారు. అది మందు కాదు. బిగిసిన కండరమును మెల్లగా సాగదీసి నిలువబడుట నేర్పునది ఫిజియోథెరపీ. అన్నము తినుట, చొక్కా తొడుగుకొనుట, పలకపట్టుట మొదలగు దినకృత్యములను నేర్పునది ఆక్యుపేషనల్ థెరపీ. దీనిని కొందరు వృత్తిచికిత్స యని తెనిగించుటచే నిది కుట్టుపని నేర్పు బడి గాబోలునని ప్రజలు భ్రమపడుచున్నారు. మాటను, మ్రింగుటను సరిదిద్దునది స్పీచి థెరపీ. మూడింటికిని మూల మొక్కటే: చేసినపనిని మరల మరల చేయించుటచే శరీరమును మెదడును క్రొత్తదారి పట్టించుట. పసితనమున నా దారి తేలికగా పడును. ఆలస్యమైన కొలదియు కష్టమగును.

చేసినపనిని మరల మరల చేయించుట యను మాటలోనే చిక్కంతయు నిమిడియున్నది. వారమునకు 168 గంటలు. నిపుణుని యెదుట బిడ్డ కూర్చుండునది అందులో నొక గంటయో, అంతకన్న తక్కువయో. తక్కిన 167 గంటలు బిడ్డ యెట్లు కూర్చుండును? ఎట్లు పరుండును? ఎవ రెట్లెత్తుకొందురు? ఆ యొక్క గంటలో సాగదీసిన కాలు తక్కిన గంటలలో మరల ముడుచుకొని పోవుచుండగా, వైద్యుని దూషించియు లాభము లేదు, దైవమును దూషించియు లాభము లేదు.

ఆ తక్కిన గంటలలో పనిచేయువా రున్నారు. ఇతరదేశములలో వారిని థెరపీ సహాయకు లందురు. వారు నిపుణులు కారు. రోగమును నిర్ణయింపరు, చికిత్సాక్రమమును స్వయముగా మార్పరు. నిపుణుడు వ్రాసియిచ్చిన క్రమమును ఇంటిలో, బడిలో, వీధిలో, బావిగట్టున, అంగడియొద్ద బిడ్డచేత చేయించుట వారి పని. వ్యాయామమునకు వేరుగా గంట కేటాయింపక దినకృత్యమునే వ్యాయామముగా మార్చుట వారి నేర్పు.

ఉదాహరణకు గంజి త్రాగించుటనే చూతము. మన యిండ్లలో నిట్టి బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, తల వెనుకకు వంచి, నోటిలో పోయుట వాడుక. ప్రేమతోనే పోయుదురు. కాని యట్లు పోసినది ఊపిరితిత్తులలోనికి జారి, దగ్గు, జ్వరము, న్యుమోనియా కలిగి బిడ్డల ప్రాణములే పోవుచుండును. బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము క్రిందికి వంగునట్లు తలకు ఆధారమిచ్చి, గుక్కగుక్కకు మధ్య మ్రింగువరకు నాగవలెను. ఈ పాటి సంగతి నేర్చుకొనుటకు పట్టభద్రుడు కానక్కరలేదు; కాని నేర్పువా రొకరుండవలెను, ఒకసారి నేర్పి పోవుటగాక మరునాడు వచ్చి చూచువా రుండవలెను. ఎత్తుకొనుటయు నట్లే. కాళ్లు కత్తెరవలె పడు బిడ్డను రెండుకాళ్లు దగ్గరజేర్చి చంక నెత్తుకొన్నచో బిగువు హెచ్చును. కాళ్లు విడదీసి నడుముకు చెరియొక ప్రక్క వచ్చునట్లెత్తుకొన్నచో బిగువు తగ్గును. రోజునకు పదిమారు లెత్తుకొను తల్లి రోజునకు పదిమారులు చికిత్సయైన చేయవచ్చును, కీడైన చేయవచ్చును. ఆమెకు తెలియదు. తెలియజెప్పినవారు లేరు.

చొక్కా సంగతి యింకను చిత్రమైనది. తొడుగుకొనుట నేర్పునప్పుడు మొదటినుండి కాక చివరనుండి నేర్పవలెనట. చేతులు దూర్చుట, మెడనుండి దింపుట యన్నియు సహాయకురాలే చేసి, చివర నంచును క్రిందికి లాగుటమాత్రము బిడ్డకు విడువవలెను. పని ముగిసిన సంతోషము బిడ్డకే దక్కును. అది పట్టుబడిన పిదప దానికి ముందరి మెట్టు, ఆపై దానికి ముందరిది. ఒక చొక్కాకు నెలలు పట్టవచ్చును. ఆటిజం గల బిడ్డల విషయమున పని వేరు: రోజువారీ కార్యక్రమమును బొమ్మలరూపమున గోడకు వరుసగా నంటించి, ఏది ముగిసినదో యేది రానున్నదో కంటికి కనబడునట్లు చేసినచో, హఠాత్తుగా కలుగు మార్పునకు బెదరి యేడ్చుట తగ్గును. మాట రాని బిడ్డకు నీళ్లబొమ్మ, అన్నముబొమ్మ, నొప్పిబొమ్మ చేతికిచ్చినచో అదియే వాని భాష.

ఈ పనిలో నన్నిటికంటె కష్టమైనది చేయి నందించుట కాదు, అందించిన చేతిని వేళకు వెనుకకు తీసికొనుట. మన యిండ్లలో నిట్టి బిడ్డలపట్ల రెండే వైఖరులు కానవచ్చుచున్నవి: ఒక మూల కూర్చుండబెట్టి మరచుట, లేదా యన్నియు మనమే చేసి వాని చేతులను నిరర్థకములు గావించుట. రెండవదానిని మనము ప్రేమ యనుచున్నాము. బిడ్డ గ్లాసును పట్టుకొనుటకు నరనిమిషము తడబడుచుండగా చూచుచు నూరకుండుట తల్లికి దుర్భరము. శిక్షణపొందినవారు ఆ యరనిమిష మోర్చుకొందురు. గ్లాసు జారి నీళ్లొలికినను ఓర్చుకొందురు. ఆ యరనిమిషపు టోర్పును జీతమిచ్చి తెచ్చుకొనవలసినదే.

ఇక చట్టమునకు వత్తము. 1995 నాటి చట్టము ఏడు వైకల్యములను గుర్తించియుండగా, 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించి 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి తెచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్కటిని గుర్తించినది. ఆటిజం, మస్తిష్క పక్షవాతము అందులో స్పష్టముగా నున్నవి. నలువది శాతమునకు తక్కువకాని వైకల్యము గల బిడ్డకు 6 మొదలు 18 సంవత్సరముల వరకు ఉచితవిద్య పొందు హక్కు 31వ సెక్షనున నున్నది. ఇవి చాలమందికి తెలిసిన సంగతులే. అంతగా తెలియనివి మూడున్నవి. 16వ సెక్షను విద్యాసంస్థల బాధ్యతలను లెక్కించుచు, రాకపోకల సౌకర్యము బిడ్డకేగాక, అధికసహాయ మవసరమైన బిడ్డ వెంటనుండు పరిచారకునకు గూడ కల్పింపవలె ననుచున్నది. అనగా పరిచారకు డొకడుండునని చట్టము తలచినది! 17వ సెక్షను సమ్మిళితవిద్యకు తోడ్పడు నిపుణులను, సిబ్బందిని అన్ని స్థాయిలలోను తయారుచేయవలె ననుచున్నది. నిపుణులను మాత్రమే యనలేదు; సిబ్బందిని గూడ. 24వ సెక్షను అధికసహాయ మవసరమైన వారికి సంరక్షకుని భత్యమును గూర్చి చెప్పుచున్నది. 38వ సెక్షను క్రింద అట్టి సహాయమునకై దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ సహాయ మనునది యేమని 2వ సెక్షనులో చూతుమా, దినకృత్యములు, విద్య, కుటుంబజీవనము, చికిత్స, థెరపీ యన్నియు నందులో జేరియున్నవి.

మన దేశమున వ్యాజ్యగాని కష్టములు డిక్రీ చేతికి వచ్చిన పిదపనే మొదలగునని 1872లోనే ప్రీవీ కౌన్సిలువారు వాపోయిరి. నౌపడ బాలుని చేతిలో డిక్రీ యున్నది. అమలు జరుపు అమీను లేడు.

ప్రభుత్వ మేమియు చేయలేదని మే మనము, అట్లనుట యసత్యము. సమగ్రశిక్ష క్రింద మండలములలో భవిత కేంద్రములున్నవి. అందు ప్రత్యేకోపాధ్యాయులు కాంట్రాక్టుపై పనిచేయుచున్నారు. ఫిజియోథెరపిస్టు నియమిత దినములందు వచ్చును. కదలలేని బిడ్డల యిండ్లకు పోయి బోధించు ఏర్పాటును గలదు. 2013లో నేర్పడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్ల వరకు బిడ్డలను పరీక్షించి, లోపమున్నచో జిల్లా కేంద్రములోని సత్వర చికిత్సాకేంద్రమునకు పంపుదురు. 2024 జూలై నుండి మన రాష్ట్రమున వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైనది; మంచము విడువలేనివారిలో కొన్ని తరగతులకు 15,000. ఇది స్వల్పము కాదు. మే మెరిగిన యిండ్లలో నా పింఛనే నెలసరుకులు తెచ్చుచున్నది. కాని పింఛను సరుకులు తేగలదు గాని, ఉదయమున బిడ్డను నిలువబెట్టు చేతులను తేలేదు. అట్టి చేతులు ఊరిలో డబ్బిచ్చినను దొరకవు.

బడుల విషయమున సుప్రీంకోర్టువారు 2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో గట్టిగానే చెప్పిరి. ప్రాథమికతరగతులలో పదిమంది ప్రత్యేకావసరములుగల బిడ్డల కొక ప్రత్యేకోపాధ్యాయుడు, పైతరగతులలో పదునైదుగురి కొకడు నుండవలె నన్నారు. ఆ తీర్పు ననుసరించి 2025లో మన రాష్ట్రప్రభుత్వము 2,260 ప్రత్యేకోపాధ్యాయ పదవులను క్రొత్తగా మంజూరుచేసినది. సంతోషింపదగినదే. అయితే ఉపాధ్యాయుడు పాఠము చెప్పును. పదిమందిలో నొకనిని మరుగుదొడ్డికి తీసికొనిపోవుచున్నంతసేపు తక్కిన తొమ్మండుగు రేమి చేయవలెను? ఇండ్లలో నీ ప్రశ్నకు దొరకిన జవాబొకటి మే మెరుగుదుము. తమ్మునికి కాపలాగా అక్కను బడి మాన్పించుట. ఒక బిడ్డ హక్కును నిలుపుటకు మరియొక బిడ్డ హక్కును వ్రయముచేయుచున్నారు. ఈ ఖర్చు ఏ బడ్జెటులోను కనబడదు గనుక నెవరును లెక్కింపరు.

మరియొక సంగతి. ఒకనాడు కుంటి, గ్రుడ్డి యనుచుంటిమి. తరువాత వికలాంగు లంటిమి. ఢిల్లీవారు దివ్యాంగు లన్నారు. మన రాష్ట్రమున ఆ శాఖపేరే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమశాఖ. పేరు మారినకొలది పొడవగుచున్నది, దివ్యత్వముకూడ వచ్చిచేరినది. అందు తప్పులేదు, మర్యాద మంచిదే. కాని బిరుదిచ్చిన వేగముతో మనిషినిచ్చియున్నచో నెంత బాగుండెడిది!

మనిషి నెట్లియ్యవచ్చునో చూపుటకు మాయూరి చరిత్రమునుండియే యొక యుపమానము తెత్తుము. చెన్నపట్టణమునకును కలకత్తాకును నడుమ ప్రధానమార్గమున రైళ్లు పరుగెత్తుచుండగా, పర్లాకిమిడి రాజావారు తమ పట్టణమున కది చాలదని యెరిగి, నౌపడనుండి సొంతవ్యయముతో సన్నరైలుమార్గము వేయించిరి. 1900లో నది నడువ నారంభించెను. తరువాత గుణుపూరువరకు సాగెను. చిన్న యింజను, చిన్న పెట్టెలు; చూచి నవ్వినవారును గలరు. కాని టెక్కలి, పాతపట్నము మొదలగు తావుల ప్రజలను లోకముతో కలిపినది మెయిలుబండి కాదు, ఆ సన్నబండియే. 2011 నాటికి దానిని పెద్దరైలుమార్గముగా మార్చిరి. నిపుణులు మెయిలుబండ్లవంటివారు. వారు విశాఖపట్టణమున నాగుదురు, శ్రీకాకుళమున నాగుదురు. ప్రతి వాకిట నాగుమనుట యన్యాయము. వాకిలివరకు పోవు సన్నబండి కావలెను. సహాయకు లనగా నదియే.

ఇది మాయూహ మాత్రమే కాదు. భారత పునరావాస మండలివారు ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను విశ్వవిద్యాలయముతో కలిసి, సమాజాధారిత సమ్మిళిత అభివృద్ధి యను పేర నారునెలల శిక్షణను 2021 మే నెలలో ప్రారంభించిరి. శిక్షణపొందినవారికి దివ్యాంగమిత్ర యని పేరు. ఆశా, అంగన్వాడీ కార్యకర్తలతో కలిసి గ్రామములలోనే పనిచేయువారిని తయారుచేయుట దీని లక్ష్యము. సికింద్రాబాదులో 1984 నుండి పనిచేయుచున్న జాతీయసంస్థ మేధోవైకల్యము గల బిడ్డలకై మన ప్రాంతమున నెందరికో శిక్షణ నిచ్చినది. 2023 నవంబరు 28న కేంద్రప్రభుత్వమువారు వికలాంగ శిశువులకై అంగన్వాడీల నియమావళిని ప్రకటించిరి. చదువున్నది, పుస్తకమున్నది, నియమావళి యున్నది. నేర్చివచ్చిన పిల్ల కుద్యోగమేది? ఆరునెలలు చదివివచ్చిన యువతికి శాశ్వతమైన పదవి యొకటి గ్రామములో నున్నగదా మరియొకతె చదువబోవుట!

ఆక్షేపణలు కొన్ని వినబడుచున్నవి. అరకొర చదువువారి చేతిలో బిడ్డలను పెట్టుట ప్రమాదమని నిపుణులలో కొంద రందురు. భయము నిష్కారణమైనది కాదు. 1992 నాటి పునరావాస మండలి చట్టము, నమోదు లేనివారు వికలాంగులకు వృత్తిసేవ చేసినచో శిక్షను సైతము విధించుచున్నది. నాటువైద్యులు పచ్చబొట్లవలె వాతలువేసిన బిడ్డల వీపులను మేమును జూచితిమి. కాని దీనికి విరుగుడు సహాయకులను మానుట కాదు. హద్దులు గీచి, నిపుణుని పర్యవేక్షణలో నుంచుట. ఏది చేయవచ్చునో యేది చేయరాదో కాగితముపై వ్రాయుడు. మూర్ఛ వచ్చిన, నొప్పి హెచ్చిన, మ్రింగలేకపోయిన పని నిలిపి నిపుణునికి కబురుపంపవలె నని వ్రాయుడు. ఇప్పుడీ పనిని చేయుచున్నది శిక్షణలేని నాయనమ్మ యను సంగతి నాక్షేపకులు మరువరాదు. పోలిక సహాయకురాలికిని నిపుణునికిని కాదు, సహాయకురాలికిని శూన్యమునకును.

బిడ్డను పెంచుట తల్లిదండ్రుల ధర్మమనియు, ప్రభుత్వమేల తలదూర్చవలె ననియు మరికొంద రందురు. ఇట్లనువారు సామాన్యముగా మడికి పోవలసినవారు కారు. కర్మఫలమని నిట్టూర్చి లేచిపోవువారికి మేము సమాధానము చెప్పదలచుకొనలేదు.

వ్యయమను నాక్షేపణ మిగిలినది. ఒక్క పోలియో చరిత్రమే దీనికి చాలును. ఈ దేశమున ప్రతి గడపకును చుక్కలు మోసికొనిపోయిన కార్యకర్తలచేతనే కదా, 2011 జనవరి తరువాత క్రొత్త కేసు లేక, 2014 మార్చి 27న భారతదేశము పోలియోరహితమని ధ్రువపడినది! విశాఖలో పోలియోబాధితులకు జీవితమంతయు శస్త్రచికిత్సలు చేసిన డాక్టరు ఆదినారాయణరావుగారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన ప్రాంతమంతయు సంతసించినది. శస్త్రచికిత్సకు శస్త్రవైద్యుడే కావలెను. చుక్కలకు గడపగడపకును తిరుగు స్త్రీ చాలును. రెండును అక్కరయే. నవజాతశిశువును ఆశా కార్యకర్త యింటికి వచ్చి ఆరేడుమారులు చూచిపోవు ఏర్పాటు నేడు మామూలైనది. ఆ యింటనే యేడేండ్ల బిడ్డ పిడికిలి విడువలేక కూర్చున్నచో చూచువారు లేరు.

ఆశా యన్నందున నొక హెచ్చరికకూడ చేయవలసియున్నది. సహాయకురాలిని నియమించి, జీతమునకు బదులు గౌరవవేతన మను నక్షరములను చేతిలో పెట్టు నాచారము మనకు కలదు. పనికి తగిన ధనము నీయలేనప్పుడు గౌరవమను విశేషణమును తగిలించుట సర్కారువారి అలంకారశాస్త్రము. అంగన్వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కున్నదని తేల్చుటకు 2022 ఏప్రిల్ వరకు సుప్రీంకోర్టు మెట్లెక్కవలసివచ్చినది. 2023 డిసెంబరునుండి 2024 జనవరివరకు మన రాష్ట్రపు అంగన్వాడీలు నలువది దినములకు పైగా సమ్మె చేయవలసివచ్చినది. అదే దారిలో మరియొక తరగతి స్త్రీలను నిలబెట్టవలదు. ఈ పనిలో మనిషి మాటిమాటికి మారినచో బిడ్డకు నష్టము. నమ్మిక కుదురుటకే నెలలు పట్టును; కుదిరిన నాటికి ఆమె జీతము చాలక వేరుపనికి పోవును; బిడ్డ మరల మొదటికి వచ్చును.

బడిలో ఇంకొక యపాయమున్నది. దీనిని మిత్రులొకరు చూపినదాక మాకును తోచలేదు. సహాయకురాలు బిడ్డకు గోడవలె నంటుకొని కూర్చున్నచో తక్కినపిల్లలు వానితో మాటలాడరు. ఉపాధ్యాయుడును ఆమెయున్నది గదా యని వానిని మరచును. కాబట్టి యామె బిడ్డకు గాక తరగతికి చెందినదిగా నుండవలెను. ఆటలో బంతి వానివద్దకు వచ్చునట్లు ప్రక్కపిల్లవానికి సైగచేసి తాను తొలగవలెను. చేయి తీసికొను విద్య యిచ్చటను అక్కరకు వచ్చును.

అట్టివా రెవరు కావలెను? ఊరివారే కావలెను. ఈ సందర్భమున మన గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చుచున్నారు. పర్లాకిమిడిలో నుపాధ్యాయుడుగా నుండి, సవరబిడ్డలకు చదువు చెప్పవలెనన్న ముందు తాను సవరభాష నేర్వవలెనని కొండలెక్కినవాడాయన. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించెను. కొండజ్వరమునకు తినిన క్వినైనువలన వినికిడియే పోగొట్టుకొనె నందురు. గ్రాంథికమున వ్రాయుచున్న మేము గిడుగువారి పేరెత్తుట చూచి కొందరు నవ్వవచ్చును, నవ్వుదురు గాక. బిడ్డ భాషలోనికి మనము పోవలెనుగాని మన భాషలోనికి బిడ్డను రమ్మనుట కాదను సంగతి వారివలననే నేర్చితిమి. నౌపడ బిడ్డకు గంజి, బావి, మడి, గుంటడు అను మాటలలో నేర్పవలెను. పట్టణమునుండి వచ్చిన బొమ్మలకార్డులపై ఆపిలుపండు, అగ్నిమాపకయంత్రము నున్నవి. బాలుడు రెండింటిని నెరుగడు. ఉప్పుతట్టను చూపుడు, వెంటనే అమ్మ యనును.

2019 అక్టోబరు 2న నేర్పడిన గ్రామ సచివాలయ వ్యవస్థలో పశువుల కొకరు, పంటల కొకరు, సర్వే కొకరు నియమితులైరి. వానిని మేము తప్పుపట్టము. పశువునకున్న మనిషి బిడ్డకు లేకుండుటనే తప్పుపట్టుచున్నాము. పంచాయతీకి ఒక సహాయకురాలు, దివ్యాంగమిత్ర శిక్షణ యామెకు ప్రభుత్వవ్యయముతో, భవిత కేంద్రములోని నిపుణుల పర్యవేక్షణ, నెలజీతము, ప్రయాణభత్యము, 24వ సెక్షనున చెప్పిన సంరక్షకుని భత్యము తల్లికి వేరుగా. మేము కోరున దింతియే.

ముందు జరుగబోవు గ్రామసభలో ప్రవేశపెట్టుటకై దీనినొక తీర్మానముగా వ్రాసి యుంచితిమి. అయిదేండ్ల కొకసారి బిడ్డల గణన జరుపవలె నని 17వ సెక్షను విధించుచున్నది గనుక, మన పఠనమందిరములకు వచ్చు యువకులు తమ తమ వీధులలో నట్టి బిడ్డ లెందరో, వారిలో బడికి పోవువా రెందరో, వారివలన బడి మానిన యక్క లెందరో యొక కాగితముపై వ్రాసి తెచ్చినచో తీర్మానమునకు జతపరుతుము. మా లెక్కలో మొదటి పేరు వ్రాయబడినది. ఆ నాయనమ్మ వ్రేలిముద్ర వేసినది. ప్రక్కన బాలుడు తానును వేయుదు నని పట్టుబట్టి, విడివడని కుడిచేతినే చాచినాడు. పిడికిలినుండి బొటనవ్రేలు వెలుపలికి వచ్చువరకు మేము కాగితము పట్టుకొని నిలుచుంటిమి.